మైనస్ నాలుగు పాయింట్ ఆరు

పెళ్లయిన ఆర్నెల్లకే మా ఆవిడ నాకు 'పోలీసు' అని పేరు పెట్టింది. పాలవాడి క్యాను వంక నేను చూసే చూపు చూసి పెట్టిందట. నిజానికి నేను వాతావరణ కేంద్రంలో పరిశీలకుణ్ణి. పొద్దున ఏడింటికి ఆవరణలోని తెల్లపెట్టె తలుపు తీసి, లోపలున్న థర్మామీటర్లు చదివి, రిజిస్టరులో రాసి, పెద్దాఫీసుకి ఫోన్లో చెప్పడం నా పని. ఇరవై రెండేళ్లలో ఒక్క అంకె కూడా ఊహించి రాయలేదు. మిగతావాళ్లు అలా రాస్తున్నారేమోనన్న అనుమానం మాత్రం ఇరవై రెండేళ్లుగా ఉంది.

మా ఊరు లోయ అడుగున ఉంటుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుందని అందరూ అనుకుంటారు గాని, చలికాలంలో లోయ సంగతి వేరు. మబ్బు లేని రాత్రి, ఆకు కదలని రాత్రి, చల్లగాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. జారి మా ఊళ్లో మడుగు కడుతుంది. అప్పుడు పైన కొండగట్టు మీదున్న ఇంకో కేంద్రంలో కంటే మా దగ్గరే చలి ఎక్కువ. ఈ ముక్క అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి చెప్పి విసిగించాను. నాకే జ్ఞాపకం ఉండాల్సిన రోజున ఎటు పోయిందో తెలీదు.

రోజూ పేపర్లో నాలుగో పేజీ మూలన ఒక పట్టిక వేస్తారు. సముద్రపు ఒడ్డున ఇరవై మూడు, మైదానాల్లో తొమ్మిది, ఎడారి అంచున నాలుగు, ఉత్తరపు కొండల్లో సున్నాకి దిగువ. ఒకే దేశం, ఒకే పొద్దు. ఒకచోట ఫ్యాను తిరుగుతుంటే ఇంకోచోట కుళాయిలో నీళ్లు గడ్డకడతాయి. అందరికంటే చల్లగా ఉన్న ఊరి పేరు లావు అక్షరాల్లో వేస్తారు. మూడు చలికాలాలుగా ఆ వైభోగమంతా ఉత్తరపు కొండల్లోని ఒక ఊరిదే. ఈ ఏడాది వాళ్లు మైనస్ నాలుగున్నర దాకా వెళ్లారు.

ఇక్కడ మా బావమరిది గురించి చెప్పాలి. మా ఊళ్లో పన్నెండు గదుల లాడ్జి వాడిది. చలి చూడ్డానికి డబ్బు పెట్టుకుని వచ్చే జనం ఉంటారని వాడివల్లే తెలిసింది నాకు. మంచు పట్టిన గడ్డి ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, దుప్పటి చాలలేదని గొడవపడతారు, వెళ్లిపోతారు. వాళ్లంతా లావు అక్షరాల ఊరికే ముందు వెళ్తున్నారని వాడి ఏడుపు.

"ఇవాళ ఎంత బావా?" అని రోజూ ఫోన్ చేసేవాడు.

"ఒకటి పాయింట్ రెండు."

"ఒకటా? పరువు తీస్తున్నావ్. నాలుగున్నర దాటించు బావా, ఒక్కసారి! నీ సొమ్మేం పోయింది? పెట్టెలో ఓ ఐసు ముక్క పడేస్తే సరి."

వాడు నవ్వేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. అలాంటి మాట నోట్లోంచి వచ్చిందంటే ముందు బుర్రలో పుట్టి ఉండాలి కదా అని ఆలోచించేవాణ్ణి.

మా అక్క ఫోన్ చేసేది మాత్రం సాయంత్రం ఐదింటికి. లోయ దిగువన, బస్సులో గంట దూరంలో, నారు పెంచే వీధిలో ఉంటుంది. టమాటా నారు, క్యాబేజీ నారు. ఆ వీధిలో అక్కది కాక ఇంకా నాలుగిళ్లు అదే పని మీద బతుకుతున్నాయి. చలికాలమంతా వాళ్లది ఒకటే బెంగ. మంచు పడే రాత్రి మళ్ల మీద గోనెలూ పట్టాలూ కప్పితే నారు దక్కుతుంది. కప్పకపోతే తెల్లారేసరికి ఆకు ఉడకబెట్టినట్టు నల్లబడి వాలిపోతుంది. అలాగని రోజూ కప్పితే గాలాడక కుళ్లుతుంది. అందుకని ఐదింటికి అక్క నన్నడుగుతుంది. ఐదుంపావుకి ఆ నాలుగిళ్లవాళ్లూ అక్క గుమ్మంలో నిలబడి, "మీ తమ్ముడేమన్నాడు?" అని అడుగుతారు. రేడియో పెట్టుకోరు, పేపరు చూడరు. అక్క మాటే వాళ్లకి ఆధారం. పదకొండేళ్లలో ఆ మాట ఒక్కసారి తప్పలేదు. ఆ వీధిలో అక్కకున్న మర్యాదంతా దాని మీదే నిలబడింది.

ఆ రోజు పొద్దున ఏడింటికి నేను ఆవరణ గేటు తీసేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పరుచుకుని ఉంది. ఆ తెలుపు మీద అడుగులు. గేటు దగ్గర మొదలై తిన్నగా పెట్టె దాకా వెళ్లి, అక్కడ గుమిగూడి, వెనక్కి వచ్చాయి. ఒకరివి కాదు, ముగ్గురు నలుగురివి. పెట్టె తలుపు గొళ్లెం ఊడి ఉంది. నాకు ఒళ్లు మండింది.

తలుపు తీశాను. పెట్టె అడుగున గోరంత మంచు పలుకు ఒకటి. కనిష్ఠ థర్మామీటరు వంక చూశాను. దాన్ని పడుకోబెట్టి ఉంచుతాం. లోపలి స్పిరిటులో చిన్న పుల్ల ఉంటుంది. రాత్రి చలి పెరిగేకొద్దీ స్పిరిటు ముడుచుకుంటూ ఆ పుల్లను వెనక్కి లాక్కెళుతుంది. ఆనక వేడెక్కినా పుల్ల కదలదు. అది ఎక్కడ ఆగిందో అదే ఆ రాత్రి చలి.

పుల్ల మైనస్ నాలుగు పాయింట్ ఆరు దగ్గర ఆగింది.

నాలుగున్నర మీద ఒక్క పాయింటు. నిన్న ప్లస్ ఒకటి పాయింట్ రెండు, ఇవాళ మైనస్ నాలుగు పాయింట్ ఆరు! దొంగతనం చేసినా కాస్త తెలివిగా చేయొద్దూ అనిపించింది.

పక్కనున్న మామూలు థర్మామీటరు కూడా మైనస్ మూడు పాయింట్ ఎనిమిది చూపిస్తోంది. అది కూడా అదే పెట్టెలో ఉంది కదా, ఐసు పెడితే రెండింటికీ తగులుతుంది అనుకున్నాను. నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చలికాలంలో పోవా మరి! ఆవరణ పక్కనే ఉన్న ఇంట్లోంచి మా ఆవిడ "ఏమండీ, కుళాయిలో నీళ్లు గడ్డకట్టాయి" అని కేకేసింది. "వాషరు పోయుంటుంది" అని కేకేశాను. మనసులో ఒక్కసారి అనుమానం పడ్డాక కళ్లూ చెవులూ దానికే చాకిరీ చేస్తాయి.

మా పనిలో ఒక పద్ధతుంది. చదివి రాయాలి, రాశాక మళ్లీ చదవాలి, ఆ తర్వాతే థర్మామీటరు వంచి పుల్లను మొదటికి జార్చాలి. అంకె మీద నమ్మకం లేకపోతే అసలు జార్చకూడదు, పెద్దాఫీసుకి చెప్పి అలాగే ఉంచాలి. నేను పళ్లు నూరుతూ రిజిస్టరులో 'మైనస్ 4.6' అని రాశాను, చుట్టూ సున్నా చుట్టాను, పక్కన 'సందేహం' అని రాశాను. వెంటనే థర్మామీటరు వంచేశాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి రెండోసారి చదవకుండా వంచాను. చదవాల్సిన అవసరం కనబడలేదు. ఎవరి పనో నాకు తెలుసు.

పెద్దాఫీసులో అంకెలు రాసుకునే అమ్మాయి గొంతు తప్ప మనిషి నాకు తెలీదు.

"సార్, చెప్పండి, మీది?"

"ముందు గట్టు మీద ఎంతో చెప్పమ్మా."

"సున్నా పాయింట్ ఎనిమిది సార్. ప్లస్."

"చూశావా! గట్టు మీద సున్నాకి పైన ఉంటే ఇక్కడ అంత ఎలా ఉంటుంది? మాది ఖాళీ పెట్టు."

"పరికరం పాడైందా సార్?"

"పరికరం బానే ఉంది. మనుషులే పాడయ్యారు."

కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "దానికి కోడు లేదు సార్."

"అయితే ఖాళీగానే ఉంచు."

గట్టు మీద ముందురోజు ఎంత ఉందో నేను అడగలేదు. ప్లస్ రెండు పాయింట్ తొమ్మిది. ఒక్క రాత్రిలో వాళ్లకీ రెండు డిగ్రీలకి పైగా పడిపోయింది. అడిగి ఉంటే ఉత్తరపు చలిగాలి గట్టు దాటి మా లోయలోకి దిగిందని బడిపిల్లలకి కూడా అర్థమయ్యేది. మడుగు కట్టింది మా ఊళ్లో. అక్కణ్ణించి దిగువకి జారడమే మిగిలింది.

ఫోన్ పెట్టేసి బావమరిదికి చేశాను.

"పొద్దున ఎన్నింటికి వచ్చావ్ రా?"

"ఆరున్నరకి బావా. నలుగురు గెస్టులు మంచు చూస్తామంటే తీసుకొచ్చా. నువ్వు లేవలేదని మా అక్క చెప్పింది. ఇంతకీ ఎంత ఇవాళ? వణుకుడు పుట్టింది మాకైతే!"

"ఎంత కావాలో నీకు తెలీదా? నువ్వు పెట్టిందేగా!"

"ఏంటి పెట్టింది?"

"ఐసు."

వాడు పకపకా నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నాడు. వాడు నవ్వేకొద్దీ నాకు అనుమానం గట్టిపడింది. నా అంకె పేపరుకి వెళ్లదని, వాడి లాడ్జికి దాంతో ఒక్క గెస్టు కూడా దక్కనివ్వనని చెప్పి పెట్టేశాను.

మధ్యాహ్నం పెద్దాఫీసు నుంచి బులెటిన్ వచ్చింది. చలిగాలి తూర్పుకి మళ్లుతోందని, లోయ దిగువ ప్రాంతాల్లో కనిష్ఠం ఆరు డిగ్రీలు ఉండొచ్చని రాశారు. మా కేంద్రం దగ్గర చిన్న గీత పెట్టారు. ఆ గీత ఉన్నచోట నా అంకె ఉంటే ఆ ఆరు అక్కడ ఉండేది కాదు. ఈ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు మాత్రం గీత చూసి, దొంగని పట్టుకున్న తృప్తితో టీ తాగాను.

ఐదింటికి అక్క ఫోన్.

"ఏం తమ్ముడూ, ఇవాళ రాత్రి కప్పమంటావా వద్దా?"

"ఆరు డిగ్రీలన్నారు. అక్కర్లేదు."

"ఇక్కడ గాలి వేరేలా ఉందిరా. ఆకాశం గాజులా ఉంది. మీ దగ్గర పొద్దున ఎంత?"

నాకు చిరాకేసింది. ఆ అంకె నోటితో పలికితే బావమరిది గెలిచినట్టే అనిపించింది.

"మాది లెక్కలోకి రాదక్కా. వద్దన్నానుగా!"

"సరే, సరే. ఎవరి మీద అరుస్తున్నావ్ ఇవాళ?" అని పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుజామునే లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. గేటుకి కొత్త తాళం వేశాను. పిల్లి కూడా రాలేదు. ఏడింటికి గడ్డి మీద ఒక్క అడుగు లేదు. గొళ్లెం బిగించినట్టే ఉంది. తలుపు తీశాను. తలుపు అంచుకి పట్టిన మంచు రాలి, అడుగున నిన్నటిలాంటి పలుకే పడింది. పుల్ల మైనస్ ఐదు పాయింట్ ఒకటి దగ్గర ఆగి ఉంది.

 అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, నా మొహం చూసి, గ్లాసు పక్కన పెట్టింది.

"నిన్న వాళ్లు వచ్చినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను" అంది. "ఆ వచ్చినవాళ్లలో ఒకాయన గొళ్లెం తీశాడు. మా తమ్ముడు చెయ్యి పట్టుకుని లాగేశాడు. 'మా బావకి తెలిస్తే చంపేస్తాడు, దాని జోలికి పోవద్దు' అన్నాడు. వాడు లోపల చెయ్యి కూడా పెట్టలేదండీ."

"నిన్ననే చెప్పొచ్చుగా!"

"మీరు నన్నేమన్నా అడిగారా? వాడి మీద అరుస్తూనే ఉన్నారుగా."

అంకె చెప్పడానికి ఫోన్ తీసేలోపే అది మోగింది. అక్క.

"పోయిందిరా" అంది. "నాలుగిళ్ల నారూ నల్లగా మాడిపోయింది. ఒక్క మొక్క లేదు."

"నీది?"

"నాది ఉంది. నేను కప్పాను."

నాకు అర్థం కాలేదు. అక్కే చెప్పింది. నేను వద్దన్నానని నాలుగిళ్లకీ చెప్పి పంపించిందట. అన్నం తింటుంటే నా గొంతే చెవిలో తిరిగిందట. చిన్నప్పటి నుంచి కోపంలో ఉన్నప్పుడు నేను చెప్పిందేదీ సరిగ్గా ఉండదని జ్ఞాపకం వచ్చిందట. ఎందుకైనా మంచిదని లేచి వెళ్లి తన మళ్ల మీద గోనెలు కప్పుకుని పడుకుంది. ఆ పాటి అనుమానానికి నలుగురి తలుపులూ ఏం కొడతాననుకుంది.

"తెల్లారేసరికి వాళ్లంతా నా ప్రహరీ మీంచి గోనెలు చూశారు" అంది. "ఎవరూ ఏమీ అనలేదురా. చూసి వెళ్లిపోయారు. అసలేమైంది తమ్ముడూ?"

"పెద్దాఫీసు లెక్క తప్పింది" అన్నాను. అది సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారం అక్కకి ఎలా గడిచిందో ఫోన్లో ముక్కలు ముక్కలుగా తెలిసింది. చుట్టుపక్కల రైతులకి నారు కావాలంటే ఇప్పుడు ఒక్క అక్క ఇల్లే దిక్కు. పొద్దున లేస్తే గేటు ముందు ట్రాలీలు. ఆ ట్రాలీలు నాలుగిళ్ల ముందునుంచే రావాలి. 'అందరికీ వద్దని చెప్పి తను మాత్రం కప్పుకుంది' అన్న మాట వీధంతా పాకింది. అక్క తన నారులో సగం తీసి నాలుగు బుట్టల్లో పెట్టి నాలుగిళ్లకీ పట్టుకెళ్లింది. ఒకావిడ తలుపు సందులోంచే, "ఎందుకిస్తున్నావో మాకు తెలుసులే వదినా" అందట. బుట్టలు నాలుగూ వెనక్కి తెచ్చుకుంది. పదకొండేళ్లు ఐదుంపావుకి నిండిన గుమ్మంలోకి ఇప్పుడు ఎవరూ రావడం లేదు.

బావమరిదిని క్షమించమని అడిగాను. "పోనీలే బావా" అన్నాడుగాని ఫోన్ చేయడం మానేశాడు. వాడి సంగతి తర్వాత చూసుకోవచ్చు. అక్కని మాత్రం అలా వదిలేయలేకపోయాను. తప్పు నాది, అక్కకేం తెలీదు. అది ఆ వీధికి రుజువు చేయాలి. నోటిమాట ఎవరూ నమ్మరు. నా దగ్గర కాగితం మీద ఉంది. చుట్టిన సున్నా, పక్కన 'సందేహం' అన్న మాట. అది చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది అనుకున్నాను.

రిజిస్టరు కేంద్రం గడప దాటకూడదు. దాటితే ఉద్యోగం పోవచ్చు. సంచిలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, పదింటి బస్సెక్కాను.

నేను వచ్చానని తెలిసి వీధివాళ్లు అక్క ఇంటి ముందు చేరారు. అందరి తరఫునా మూల ఇంటి పెద్దాయన మాట్లాడాడు. అందరికంటే ఎక్కువ నారు పోయింది ఆయనకే. నెమ్మదైన మనిషి. నేను పుస్తకం తెరిచి ఆయన చేతికిచ్చాను. అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన కళ్లజోడు సర్దుకుని పేజీ దగ్గరగా పెట్టుకున్నాడు.

"మైనస్ నాలుగు పాయింట్ ఆరు" అని పైకి చదివాడు. "ఇది మీ దస్తూరీయేనా బాబూ?"

"నాదేనండీ."

"ఎప్పుడు రాశారు?"

"పొద్దున ఏడింటికి. మీ నారు పోయిన ముందురోజు. పక్కన చూడండి, సందేహం అని రాశాను. నేను అది నిజమనుకోలేదు, అందుకే అక్కకి..."

"ఎందుకనుకోలేదు?"

"మా బావమరిది పెట్టెలో ఐసు పెట్టాడనుకున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"బాబూ, ఇరవై ఏళ్ల పైన చేస్తున్నారట ఈ పని. అంత చలి మీ ఇంటి ముందే ఉంటే, ఒంటికి తెలియలేదు, బావమరిది పనే అనుకున్నారు. అందుకని ఆఫీసుకి చెప్పలేదు. అంతేనా?"

"అంతేనండీ. దేవుడి మీద ఒట్టు."

"కాస్త నమ్మేలా ఉండేదేమైనా చెప్పకపోయారా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఈ అంకె పొద్దున్నే మీకు తెలుసు. సాయంత్రం మీ అక్క మీతో మాట్లాడింది. మాకు వద్దని చెప్పింది. తను కప్పుకుంది. మేం ఇన్నాళ్లూ అనుమానమే పడ్డాం బాబూ. ఎంతైనా పదకొండేళ్ల మనిషి కదా, పొరపాటేమోనని లోపల ఒక మూల ఉండేది. మీరు వచ్చి అది కూడా తీర్చేశారు."

నేను ఇంకేదో చెప్పబోయాను. బావమరిదికి వ్యతిరేకంగా ఆ పొద్దున నాకు ఎన్ని రుజువులు దొరికాయో, ఒక్కొక్కటీ ఎంత చక్కగా అమిరిందో, వాళ్లకి ఎలా చెప్పను? వాళ్లకి కూడా ఇప్పుడు అన్నీ అంతే చక్కగా అమిరాయి.

పెద్దాయన పుస్తకం నాకివ్వలేదు. మెట్లెక్కి అక్క చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆయన వెనకే అందరూ వెళ్లిపోయారు.

అక్క ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. తను ఆ అంకె చూడటం అదే మొదటిసారి. పెద్దాఫీసు తప్పని నేను చెప్పిందే ఇన్నాళ్లూ నమ్మింది. అదే పట్టుకుని నలుగురితో వాదించి ఉంటుంది కూడా.

"పొద్దున ఏడింటికి రాశావా?" అంది.

"అవునక్కా."

"సాయంత్రం నేను అడిగాను కదరా, మీ దగ్గర ఎంత అని?"

"అడిగావు."

"అప్పుడు ఈ అంకె చెప్పుంటే అందరితోనూ కప్పించేదాన్ని."

 అక్క పుస్తకం మూసి, చీర కొంగుతో అట్ట మీద దుమ్ము తుడిచి, నా సంచిలో పెట్టింది. పైన తువ్వాలు కూడా సర్దింది.

"ఇది పోతే నీ ఉద్యోగానికి ఇబ్బంది. జాగ్రత్తగా తీసుకెళ్లు" అంది. "నువ్వు ఇంకేం చెప్పలేదో నాకు తెలీదు తమ్ముడూ. ఇంక అడగను కూడా."

అన్నం తిని వెళ్లమనలేదు. నేను గేటు దాటుతుండగా వెనక తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. పట్టపగలు అక్క గడియ పెట్టుకోవడం నేనెప్పుడూ ఎరగను.